పల్లెలలో వ్యాపారపు కట్టడాలకు హద్దులు – మన నేతవాడలు

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి)

మా సంఘం ఆఫీసుకు వచ్చే నేత సోదరులు ఈ నాలుగైదేండ్లుగా నూలు, కూలి, రిబేటు సంగతులతో పాటు స్థలముల సంగతి కూడ అడుగుచున్నారు. ఒకరు రోడ్డు ప్రక్కన రెండు సెంట్లు కొని చీరెల దుకాణము పెట్టబోతే రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు తీసుకొనలేదు. ఇంకొకరి పెరటిలోని రంగుల కొట్టుకు కాలుష్య నివారణ బోర్డువారి నోటీసు వచ్చినది. మూడవ ఊరిలో తాతల నాటినుండి పడుగులు సాచుకొనే బయలును ప్లానులో సంతబజారుగా చూపినారట. చూచుటకు ఇవి మూడు వేర్వేరు తగవులు. మూలము మాత్రము ఒక్కటే. ఏ నేల మీద ఏ పని చేయవచ్చును, ఏది చేయకూడదు అని సర్కారు గీసిన గీత అది. దీనికి జోనింగు అని పేరు. మనము భూవినియోగపు హద్దులు అనుకొనవచ్చును.

ఇది వకీళ్ల పని, మనకెందుకు అని కొందరు పెద్దలు అందురు. మన పరిస్థితి వేరు. మనము తెలుగుదేశము విడిచి తరాలు గడచినవి. ఇంట తెలుగు మాట్లాడుదుము, కాగితము మీద మాత్రము తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో ఉండును. గోడకంటించిన నోటీసు చదివి అర్థము చేసికొనే లోపల గడువు దాటిపోవును. అందుచేత తెలిసినంత వరకు తెలుగులో వ్రాయుచున్నాను. నేను పని చేయుచున్నది తమిళనాడులో కాబట్టి అక్కడి సంగతులు ఎక్కువగా వచ్చును. తక్కిన రాష్ట్రముల సంగతి తరువాత క్లుప్తముగా చెప్పెదను.

మొదట ఈ హద్దులు ఎందుకు పుట్టినవో చూతము. బొంబాయి రాజధానిలో 1915లోను, మద్రాసు రాజధానిలో 1920లోను పట్టణ నిర్మాణ చట్టములు వచ్చినవి. దానికి కొంచెము ముందుగా, 1914-15లో, గెడ్డెస్ అనే స్కాట్లండు పండితుడు మద్రాసు రాజధానిలోని పట్టణములు తిరిగి చూచి రిపోర్టులు వ్రాసినాడు. స్వాతంత్ర్యము తరువాత మైసూరు రాష్ట్రము 1961లోను, మహారాష్ట్ర 1966లోను, పుదుచ్చేరి 1969లోను, తమిళనాడు 1971లోను తమ తమ ప్లానింగు చట్టములు చేసికొన్నవి. ఒడిస్సాలో 1956 నాటి చట్టమొకటి, 1982 నాటి అభివృద్ధి అథారిటీల చట్టమొకటి ఉన్నవి. ఇవన్నీ ప్రధానముగా పట్టణముల కొరకు పుట్టినవి. పల్లెల మీదికి వచ్చినది తరువాత, రోడ్లు వెడల్పయి, బస్సులు లారీలు పెరిగి, ఊరి బయట పొలములలో హోటళ్లు, గోడౌన్లు, కళ్యాణ మండపములు లేచిన తరువాత.

రోడ్డు పొడుగునా రెండు ప్రక్కల దుకాణములు పెరుగుతూ పోవుట ఒక్క మన దేశపు జబ్బు కాదు. ఇంగ్లండులో దీనిని ఆపుటకు 1935లోనే ఒక చట్టము చేసినారు. రోడ్డు వెంబడి వ్యాపారము లేచిన చోట వెనుకనున్న పొలమునకు దారి పోవును, కాలువ పూడును, వాడకపు నీరు పోవుటకు చోటుండదు. అన్నిటికంటె మనకు తగులు దెబ్బ వేరు. స్థలము వెల పెరుగును. అంగడి అద్దె ఇవ్వగలవాడు నిలుచును, మగ్గము అద్దె ఇవ్వలేనివాడు తొలగును. నాలుగు మగ్గములు పట్టే చోట ఒక సెల్‌ఫోను అంగడి పెడితే యజమానికి వచ్చే అద్దె ఎంతో, ఆ నాలుగు మగ్గములు ఎంత ఇవ్వగలవో లెక్క వేసి చూడండి. కాబట్టి హద్దులు ఉండుట నేతవానికి చెరుపని నేననను. హద్దు గీసినవాడు మగ్గము ముఖము చూడకుండా గీచినప్పుడే చెరుపు.

ప్లాను ఉన్న ప్రాంతములో పటము మీద రంగులుండును. సాధారణముగా నివాసమునకు పసుపు, వ్యాపారమునకు నీలము, పరిశ్రమకు ఊదా, వ్యవసాయమునకు ఆకుపచ్చ. మీ సర్వే నంబరు ఏ రంగులో పడినదో దానినిబట్టి అనుమతి. ప్లాను లేని ప్రాంతములో, అనగా మారుమూల పల్లెలలో, ఈ రంగులుండవు. అక్కడ రెవెన్యూ లెక్కలో భూమి ఏ రకమని వ్రాసియున్నదో అదే ఆధారము. మన నేతవాడలు పెక్కు ఈ రెండవ తరగతిలోనే ఉన్నవి. అందుచేత ఆ లెక్క సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను.

రైత్వారీ సెటిల్‌మెంటు నాడు ప్రతి ఊరిలోను జనము ఇండ్లు కట్టుకొని ఉన్న చోటును వేరుచేసి, శిస్తు లేకుండా విడిచినారు. తమిళ దేశములో దానికి నత్తము, గ్రామనత్తము అని పేరు. మన ఆంధ్ర తెలంగాణలలో గ్రామకంఠమందురు. కర్ణాటకములో గ్రామఠాణ, మహారాష్ట్రలో గావ్‌ఠాణ్. ఒడిస్సా ఖాతాలలో ఇంటి స్థలమును ఘరబారి అని వ్రాయుదురు. పేరు మారినను ఉద్దేశము ఒక్కటే, ఊరి జనము నివసించుటకు విడిచిన చోటు. మన తాతలు మగ్గము గుంటలు త్రవ్వుకొన్నది ఈ నేలలోనే.

ఈ నత్తము ఎవరిది అన్న ప్రశ్న తరచు వచ్చును. "ఏమండీ సెక్రటరీగారూ, మా ఇంటికి పాత పట్టాయే లేదు, సర్కారు ఎప్పుడైనా లేపివేయునా?" అని ముసలివారు అడుగుదురు. నత్తములో ఇల్లు కట్టి కాపురమున్నవానికి హక్కు ఉన్నదని, అది సర్కారు భూమి కాదని మద్రాసు హైకోర్టు పలు తీర్పులలో చెప్పినది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టములోనే సొంత ఇంటి స్థలములను, పెరళ్లను సర్కారు భూమి లెక్కలోనుండి మినహాయించినారు. తరువాతి కాలములో నత్తము సర్వే జరిపి పట్టాలు కూడ ఇచ్చినారు. ఆ సర్వేలో పేరు పడనివారు, తాత పేరు మీదనే ఉంచుకొన్నవారు ఇప్పుడైనా తాలూకా ఆఫీసులో మార్పించుకొనుట మేలు. అన్నదమ్ములు విడిపోయి ఒకే ఇంటిని మూడు వాటాలుగా చేసికొన్నచోట ఈ పని మరీ అవసరము.

అయితే ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకొనవలెను. నేల నాది అన్నది ఒకటి, దాని మీద నాకిష్టమైనది కట్టుదును అన్నది వేరొకటి. నత్తములో పట్టా ఉన్నంత మాత్రమున మూడంతస్తుల షోరూము కట్టరాదు. కట్టడమునకు పంచాయతీ అనుమతి వేరుగా కావలెను. తమిళనాడులో 2019 ఫిబ్రవరి నుండి పట్టణములకు, పల్లెలకు కలిపి ఒకే కట్టడముల నిబంధనావళి అమలులో ఉన్నది. రోడ్డు వెడల్పు, ఇంటి చుట్టు విడువవలసిన ఖాళీ, ఎత్తు, బండ్లు నిలుపు చోటు అన్నీ అందులో ఉన్నవి. నివాసపు జోనులో చిల్లర అంగళ్లు, గృహ పరిశ్రమలు కొంత మేరకు చెల్లును. ఎంత మేరకు అన్నది విస్తీర్ణమును బట్టి, మోటారు గుర్రపు బలమును బట్టి ఉండును. చేతిమగ్గమునకు మోటారు లేదు. ఆ ఒక్క కారణము చేత అది ఇంటిలో ఇమిడిపోవును. ఇంటిలో నాలుగు మరమగ్గములు బిగించిన వెంటనే లెక్క మారును.

2024 జూలైలో తమిళనాడు ప్రభుత్వము ఒక సదుపాయము చేసినది. 2,500 చదరపు అడుగుల లోపు స్థలములో 3,500 చదరపు అడుగుల లోపు ఇల్లు కట్టుకొనేవారు తామే ధ్రువపరచి ఆన్‌లైనులో వెంటనే అనుమతి పొందవచ్చును. మంచిదే. కాని అది నివాసగృహమునకు మాత్రమే. దాని క్రింద అనుమతి తీసికొని క్రింద దుకాణము, పైన గోడౌను కట్టినవారు ఉన్నారని వినుచున్నాను. రేపు తనిఖీలో ఇల్లని వ్రాసి యిచ్చిన సంతకము తమదే కాబట్టి జవాబు చెప్పవలసినది కూడ తామే.

ఇక నత్తము దాటి పొలములోనికి వెళ్లుదము. సంఘమునకు గోడౌను కావలెనన్నా, పదిమంది నేతవారు కలిసి ఒక షెడ్డు వేసికొనవలెనన్నా నత్తములో చోటు చాలదు. ఊరి బయట భూమి కొనవలెను. అది వ్యవసాయ భూమి. దానిని వ్యవసాయము కాని పనికి మార్చుటకు తమిళనాడు ప్లానింగు చట్టములో 47-ఎ అనే సెక్షను, దాని క్రింద 2017 నాటి నిబంధనలు ఉన్నవి. స్థానిక సంస్థ అనుమతి ఇవ్వవలెను, దానికి ముందు ప్లానింగు డైరెక్టరు సమ్మతి కావలెను. పుంజ, అనగా మెట్ట, అయిన యెడల కొంత సులభము. నంజ, అనగా మాగాణి, అయిన యెడల కలెక్టరు అభిప్రాయము కూడ కావలసియుండును. ఇది మంచి నిబంధనయే అని నా తలంపు. నీటి కాలువ పారే నేలను ఎవరైనా సరే తేలికగా షెడ్డు చేయకూడదు. మా సంఘమునకు ఒక ఏజెంటు రోడ్డు మీది స్థలము చూపి "అన్నీ క్లియరుగా ఉన్నాయి సార్, రేపే అడ్వాన్సు ఇవ్వండి" అన్నాడు. చిట్టా తీయించి చూచితిమి. నంజ. లేఔటుకు అనుమతి లేదు. మేము వెనుకకు వచ్చితిమి. అదే స్థలమును అతడు మరుసటి నెలలో ముక్కలు చేసి విడివిడి మనుష్యులకు వాయిదాల మీద చూపుచుండెను. కొన్నవారిలో నేతవారు కూడ ఉన్నారు.

ఈ వాయిదాల ప్లాట్ల సంగతి మనవారిని ఎక్కువగా దెబ్బ తీసినది. వారమునకు ఇంత అని చీటీ కట్టినట్లు కట్టి, పిల్ల పెండ్లికో ముసలితనమునకో అని ఒక ప్లాటు కొనుట మన ఇండ్లలో అలవాటు. 2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు, అనుమతి లేని లేఔట్లలోని ప్లాట్లను రిజిస్టరు చేయకూడదని ఉత్తరువిచ్చినది. పంట భూములు ఇష్టము వచ్చినట్లు ప్లాట్లుగా మారిపోవుచున్నవని వేసిన దావాలో వచ్చిన ఉత్తరువు అది. రాష్ట్రమంతటా రిజిస్ట్రేషన్లు స్తంభించినవి. రిజిస్ట్రేషను చట్టములోని 22-ఎ సెక్షను 2016 అక్టోబరు 20 నుండి అమలులోనికి వచ్చినది. ఆ తేదీయే ఇప్పటికీ కొలబద్ద. దానికి ముందే ఇంటి స్థలముగా ఒకసారి రిజిస్టరయిన ప్లాటును మరల అమ్ముకొనుటకు దారి ఉన్నది. 2017 మే నెలలో అట్టి పాత ప్లాట్లను రుసుము కట్టి క్రమబద్ధము చేసికొనుటకు నిబంధనలు చేసినారు, గడువును పలుమార్లు పొడిగించినారు. ఆ తేదీ తరువాత పుట్టిన అనుమతి లేని ప్లాటుకు ఈ దారి లేదు.

కాబట్టి ప్లాటు కొనేవారు అడగవలసిన ప్రశ్న "రోడ్డుకు ఎంత దూరము?" అని కాదు. లేఔటు అప్రూవలు నంబరు ఏమి, ఏ ఆఫీసు ఇచ్చినది, నా ప్లాటు నంబరు ఆ పటములో ఉన్నదా అని. "పంచాయతీ అప్రూవలు ఉన్నది" అని ఊరించుదురు. ఒక్క పంచాయతీ అధ్యక్షుని సంతకముతో లేఔటు చెల్లదు, ప్లానింగు శాఖ సమ్మతి తప్పదు. దుకాణము పెట్టే తలంపు ఉన్నవారు ఇంకొకటి చూడవలెను. అనుమతి పొందిన లేఔటులో కూడ ప్లాట్లు నివాసమునకని ఇచ్చియుందురు. జాతీయ రహదారి ప్రక్కన అయితే అంగడికి దారి తెరచుటకు రహదారి శాఖ అనుమతి వేరుగా కావలెను. దానికి 2002 నాటి ప్రత్యేక చట్టము ఉన్నది.

ఇక్కడ ఒక భ్రమ కూడ తొలగించవలెను. ఊరి మొగదల పెద్ద జవుళి మాళిగ లేచి, మరమగ్గపు చీరెను చేనేత అని అమ్ముచున్నారు, జోనింగు చేత దీనిని ఆపించండి అని ఒక మిత్రుడు మీటింగులో కోరినాడు. జోనింగు అంగడి ఎక్కడ ఉండవలెనో చెప్పును గాని అందులో ఏ గుడ్డ అమ్మవలెనో చెప్పదు. ఆ మోసమునకు మందు 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టములోను, చేనేత గుర్తులోను, భౌగోళిక గుర్తింపులోను వెదకవలెను. ఏ రోగమునకు ఆ మందు.

రంగుల కొట్టు సంగతికి వచ్చెదను. ఇందులోనే మనకు నిజమైన చిక్కు ఉన్నది. కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు 2016లో పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని వర్గీకరించినది. రంగు అద్దకము, చలువ లేని చేనేత తెలుపులో ఉన్నది. తెలుపు వర్గమునకు బోర్డు సమ్మతి పత్రము అక్కరలేదు, తెలియపరచిన చాలును. రంగులు చలువలు లేని మరమగ్గము ఆకుపచ్చలో ఉన్నది. నూలుకు రంగు వేసి మురికినీరు వదిలే పని ఎరుపు. అనగా ఒకే ఇంటిలో ముందు గదిలోని మగ్గము తెలుపు, పెరటిలోని రంగు బాన ఎరుపు. నేతగానికి ఇవి రెండూ ఒకే పనిలోని భాగములు. చట్టమునకు రెండు ధ్రువములు. నివాసపు జోనులో మొదటిదానికి చోటున్నది, రెండవదానికి లేదు.

తమిళనాడులో దీనిపైన దూరపు హద్దు కూడ ఉన్నది. 1989 మార్చి 30 నాటి ప్రభుత్వపు ఉత్తరువు, పేర్కొన్న నదులకు జలాశయములకు ఒక కిలోమీటరు లోపల అధిక కాలుష్యపు పరిశ్రమలు క్రొత్తగా పెట్టకూడదన్నది. 1998లో ముఖ్యమైన నదులకు ఆ హద్దును ఐదు కిలోమీటర్లకు పెంచినారు. మనవారు అనాదిగా రంగుల పని ఏటి ఒడ్డుననే పెట్టుకొన్నారు, నీరు మంచిదైతేనే రంగు నిలుచునని. ఏ కారణము చేత ఒడ్డు చేరితిమో ఆ కారణము చేతనే ఇప్పుడు ఒడ్డు విడువవలసి వచ్చినది.

దీనిని అన్యాయమనుటకు ముందు తిరుప్పూరు కథ తెలుసుకొనవలెను. నొయ్యలు నదిలోనికి రంగుల నీరు వదలగా వదలగా దిగువనున్న ఒరత్తుపాళయము ఆనకట్టలోని నీరు పైరుకు పనికిరానిదయి రైతులు కోర్టుకెక్కినారు. మురికినీరు చుక్క బయటకు పోకూడదన్న ఉత్తరువును పాటించనందున 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు అక్కడి రంగుల, చలువల కార్ఖానాలను మూయించినది. ఏడు వందలకు పైగా మూతపడినవి. పెద్ద కార్ఖానాలు చేసిన పనికి, నెలకు నాలుగు కట్టల నూలు ముంచే ఇంటి కొట్టుకు పోలిక లేదు, నిజమే. కాని నోటీసు వచ్చినప్పుడు కట్టలు లెక్కపెట్టరు, వర్గము చూతురు. అందుచేత ఎవరికి వారు పెరటిలో ముంచుట మాని, సంఘము తరఫున ఒకేచోట, పరిశ్రమలకు విడిచిన జోనులో, నీరు శుద్ధిచేయు ఏర్పాటుతో రంగుల శాల పెట్టుకొనుట తప్ప వేరు దారి నాకు కనిపించదు. ఖర్చు ఎక్కువే. ఒక్క సంఘము మోయలేనిచోట నాలుగు సంఘములు కలియవలెను.

పర రాష్ట్రముల సంగతి క్లుప్తముగా. కర్ణాటకములో గ్రామఠాణ దాటిన వ్యవసాయ భూమిని మార్చుటకు 1964 నాటి భూమిశిస్తు చట్టము 95వ సెక్షను క్రింద డిప్యూటీ కమిషనరుకు దరఖాస్తు పెట్టవలెను. గ్రామఠాణలోని ఇంటికి పంచాయతీ ఇచ్చే ఫారం 9, ఫారం 11 ఇ-స్వత్తు పత్రములు లేనిదే రిజిస్ట్రేషను జరుగదు. మొళకాల్మూరు వంటి నేత ఊళ్లవారు మగ్గమున్న ఇంటికి ఈ పత్రములు ముందుగానే తీసియుంచవలెను. దొడ్డబళ్లాపురము వలె బెంగళూరు నీడ పడుచున్న చోట్ల, భూమి ఏ ప్లానింగు అథారిటీ క్రింద ఉన్నదో మొదట తెలుసుకొనవలెను. భూమి మార్పిడి ఒకరి చేతిలో, ప్లాను ఇంకొకరి చేతిలో ఉండును. ఒకటి దొరికినదని రెండవది మరచి గోడ లేపినవారు ఉన్నారు.

మహారాష్ట్రలో కలెక్టరు అనుమతి లేని వ్యవసాయేతర వినియోగము 1966 నాటి భూమిశిస్తు కోడులోని 42వ సెక్షనుకు విరుద్ధము. గావ్‌ఠాణ్ హద్దుకు 200 మీటర్ల లోపల నివాసమునకు, ప్లానులో చూపిన పనికి, పన్ను కట్టి మార్చుకొను సులభమార్గము తరువాత కల్పించినారు. సోలాపూరు నగరములోని మన పద్మశాలీలకు గావ్‌ఠాణ్ ప్రశ్న కంటె నగర ప్లాను ప్రశ్నయే ఎక్కువ. ఒడిస్సాలో గంజాం వైపు మనవారు 1960 నాటి భూసంస్కరణల చట్టము 8-ఎ సెక్షను క్రింద తహశీలుదారు వద్ద కిస్మును ఘరబారిగా మార్పించుకొనవలెను. యానాములో ప్లానింగు అథారిటీ ఉన్నది, ఊరు చిన్నది, ఆఫీసు దగ్గర. అయితే గోదావరి పాయ ప్రక్కన కట్టేవారు 1991లో మొదలయిన తీరప్రాంత నిబంధనలు తమ స్థలమునకు తగులునేమో అడిగి తెలుసుకొనవలెను.

కడపట పడుగు బయలు. దీనిని చివరకు ఉంచినది చిన్న సంగతి అని కాదు.

సేలం ప్రాంతములో నేతవాడల ప్రక్కన పావడి అనే బయళ్లున్నవి. అరవములో పావు అనగా పడుగు. తెల్లవారుజామున పడుగును బారుగా సాచి, గుంజలకు కట్టి, గంజి పట్టించి, ఇద్దరు ముగ్గురు కుంచెలు తీసికొని పోగు పోగు విడిపోవునట్లు దువ్వుకొంటూ ముందుకు వెనుకకు నడువవలెను. ఎండ ముదరక ముందే పని అయిపోవలెను. దానికి నిడుపైన, చదునైన, బండ్లు తిరుగని నేల కావలెను. బయలు లేని ఊరిలో ఇదే పని వీధిలో జరుగును. వీధికి అటు ఇటు అంగళ్లు వచ్చి, పాలబండి, కూరల లారీ, మోటారు సైకిళ్లు తెల్లవారకముందే తిరుగ మొదలిడితే పడుగు సాచే చోటు పోయినది. అప్పుడు గంజి పట్టించిన పడుగును వెల యిచ్చి కొనవలెను. కూలిలో నుండి ఆ వెల పోవును. వృద్ధులకు, ఆడవారికి ఊరిలోనే దొరికిన పని కూడ పోవును.

ప్లాను పటములో ఇల్లు ఉన్నది, అంగడి ఉన్నది, కార్ఖానా ఉన్నది, పార్కు ఉన్నది. పడుగు బయలుకు రంగు లేదు. సర్వేకు వచ్చిన ఉద్యోగి ఉదయము పదిగంటలకు వచ్చును. అప్పటికి మన పని ముగిసి బయలు ఖాళీగా ఉండును. ఖాళీ స్థలమని వ్రాసికొని పోవును. తరువాత అక్కడ సంతయో, బస్‌స్టాండో, దుకాణముల వరుసయో ప్లానులో వచ్చును. ఎవరి దురుద్దేశమూ అక్కరలేదు.

మొదట చేయవలసినది, ఆ బయలు లెక్కలో ఏమని ఉన్నదో చూచుట. గ్రామ పరిపాలనాధికారి వద్ద ఏ-రిజిస్టరు ఉండును. 1980 నవంబరులో వంశపారంపర్యపు కరణాలను తీసివేసిన తరువాత ఆ లెక్కలు ఈయన వద్దనే ఉన్నవి. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాయా పోరంబోకా, ఏ రకపు పోరంబోకు అన్నది నకలు తీసికొనవలెను. కొన్ని బయళ్లు కులపు పెద్దల పేరున ఉమ్మడి పట్టాగా ఉన్నవి, కొన్ని పోరంబోకుగా ఉన్నవి. మొదటిదైతే కోర్టులో నిలుచును. రెండవదైతే పంచాయతీ మాట మీద ఆధారపడవలెను కాబట్టి గ్రామసభ తీర్మానము తీసికొనవలెను. తమిళనాడులో జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీలలో గ్రామసభ జరుగును. రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయములలో కుటీర పరిశ్రమ కూడ ఉన్నదని తీర్మానములో ఎత్తి వ్రాయవచ్చును.

ప్లాను తయారగుచున్న ప్రాంతములో ఇంకొక అవకాశము ఉన్నది. ముసాయిదా ప్లానును ప్రకటించి ప్రజల అభ్యంతరములు కోరవలెనని చట్టములోనే ఉన్నది. తమిళనాడులో అందుకు గెజెటు ప్రకటన నుండి రెండు నెలలకు తక్కువ కాని గడువు ఇయ్యవలెను. ఈ రెండు నెలలు గడచిన తరువాత పరుగెత్తి లాభము లేదు. ప్లాను ఖాయమైన పిమ్మట ఒక్క నంబరు రంగు మార్పించుటకు పట్టే కాలము, ఖర్చు, త్రిప్పట చెప్పనలవి కాదు. క్రొత్తగా నేతకాలనీ వేయించుకొనేవారు ఇంకొక మాట గుర్తుంచుకొనవలెను. పెద్ద లేఔటులో రోడ్లు పోగా నూటికి 10 వంతులు ఖాళీ స్థలము స్థానిక సంస్థకు ఇయ్యవలెను. దానిని మూలకు చదరముగా కాక, నిడుపుగా, రెండు వీధుల నడుమ విడిపించుకొనగలిగితే తెల్లవారుజామున పడుగుకు, సాయంకాలము పిల్లల ఆటకు రెంటికీ పనికివచ్చును. దీనికి అడ్డు చెప్పే నిబంధన నాకు కనపడలేదు. అడిగినవారే లేరు.

అభ్యంతర పత్రములో ఆవేశము వ్రాయకండి. మా తాతల కాలమునుండి అన్నంత మాత్రము చాలదు. సర్వే నంబరు, బయలు పొడవు వెడల్పు అడుగులలో, ఎన్ని కుటుంబములు వాడుచున్నవి, వారమునకు ఎన్ని పడుగులు సాచుచున్నారు, ఏ గంటనుండి ఏ గంట వరకు, ప్రత్యామ్నాయపు చోటు ఎంత దూరము – ఇవి వ్రాయవలెను. తెల్లవారి ఆరు గంటలకు తీసిన ఫోటో ఒకటి, పదిగంటలకు తీసినది ఒకటి జతపరచవలెను. సంఘము సీలుతో ఒకటి, వాడుకదారుల సంతకములతో ఒకటి వేర్వేరుగా పంపవలెను. స్థానిక భాషలో వ్రాయించి, అందులో ఏమున్నదో సంతకము చేసేవారికి తెలుగులో చదివి వినిపించండి. పత్రము చేతికిచ్చినప్పుడు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకొని, ఆ నకలును సంఘపు మినిట్సు పుస్తకముతో పాటు బీరువాలో ఉంచండి. అవసరమున్నవారు ఏ-రిజిస్టరు నకలు, సర్వే పటము తీసికొని మా ఆఫీసుకు వచ్చిన యెడల పత్రము వ్రాయుటలో సాయము చేయుదుము. ఆదివారము తప్ప ఏ రోజైనను రావచ్చును.